నీళ్ళు మార్చని ఆ వారం

"అది విప్పనివ్వదు వదినా. చూస్తూండు, నువ్వు తెచ్చిన రంగు రుమాలు నీ ఒళ్ళోనే పడేసి గదిలోకి పోయి గడియ పెట్టుకుంటుంది. లోపల ఏం చేసుకుంటోందో అని తలుపు కొట్టుకుంటూ నేను చావాలి."

పొద్దున్నే, ఇంటికి ఎవరూ రాకముందే, హల్వాకి పిండి వేయిస్తూ ఈ మాట పైకే అనేశాను. మా ఆడబిడ్డ జర్రీన్‌తాజ్ పొయ్యి పక్కన పీట వేసుకుని గిన్నెలో గోరింటాకు కలుపుతోంది. ఆవిడ చెయ్యి ఆపలేదు.

"నీ నోట ఒక్క మంచి మాట విని చచ్చిపోవాలని ఉందే రుబాబా నాకు. వినకుండానే పోయేట్టున్నాను. పిండి మాడుతోంది, ముందు అది చూడు."

నిజంగానే అడుగంటింది. దించేసి, కుంకుమపువ్వు పాకం పోసి, ఆ మాడు వాసన వచ్చినవాళ్ళకి తెలియకూడదని గులాబి నీళ్ళు ఇంకాస్త ఒంపాను.

ఆ రోజు మాకు నల్ల పండుగ. నౌరోజ్, కొత్త ఏటి పండుగ, తబ్రీజ్ ఊరంతటికీ వస్తుంది గాని, ఆ ఏడు మనిషిని పోగొట్టుకున్న ఇంటికి మాత్రం నల్లగా వస్తుంది. గుడ్లకి రంగు వెయ్యరు, మిఠాయి పెట్టరు. ఖర్జూరం, హల్వా, టీ. అందరూ ముందు మా గుమ్మమే తొక్కి, పోయినవాడి కోసం ఫాతిహా చదివి, ఆ తర్వాతే తమ పండుగకి పోతారు. మధ్యాహ్నం దాటాక వంశంలో పెద్దావిడ మా తలల మీద నల్ల రుమాళ్ళు తీసి రంగువి కప్పి, అరచేతిలో గోరింటాకు ముద్ద పెడుతుంది. ఎవరికి వారు విప్పుకోకూడదు, పెద్దలే విప్పాలి. విప్పనిచ్చామంటే ఇక బతుకుతామని వాళ్ళకి మాట ఇచ్చినట్టు. నా భయమంతా ఆ మాట గురించే. నా కూతురు సెవిల్ ఆ మాట ఇవ్వదేమోనని.

పోయింది నా కొడుకు యాషార్. లవాష్ రొట్టెల దుకాణంలో పొయ్యి దగ్గర పని వాడిది. చలికాలం మొదట్లో ఒక పొద్దున పొయ్యి వెలిగించబోతే గ్యాస్ ఒక్కసారిగా ఎగిసింది. మెడ నుంచి నడుం దాకా కాలిపోయింది. కాలిన పుండ్లు మానే దారిలో పడ్డాయని డాక్టర్లు అంటుండగానే కట్ల కింద పచ్చ చీము పట్టింది. ఆ క్రిమికి మందులన్నీ అలవాటైపోయాయమ్మా, ఏదీ దాన్ని తాకడం లేదు అన్నారు. ఏది తాకుతుందో తేల్చుకునేలోపే వాడు వెళ్ళిపోయాడు.

సెవిల్ పని సరిగ్గా ఆ క్రిముల మీదే. విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తోంది. దుమ్ము కన్నా చిన్న ప్లాస్టిక్ గుళికలు తయారు చేస్తుంది, ఒక్కోదాని లోపలా రంగు. ఊదా దీపం వేస్తే వెలుగుతాయి. మన ఒంట్లో కణం లోపలికి దూరి అక్కడ ఏముందో వెలుగులో చూపిస్తాయి. అదే క్రిమికి అంటుకుంటే చంపేస్తాయి. నాకు అర్థమైనంత వరకు ఇంతే. పోయిన వేసవి చివర ఒక బుల్లి సీసా ఇంటికి తెచ్చి చూపించింది. యాషార్ వాళ్ళ దుకాణం నుంచి దొంగనోట్లు పట్టే ఊదా దీపం పట్టుకొచ్చాడు. కర్టెన్లు మూసి వెలుతురు వేస్తే, పలచటి మజ్జిగలా ఉన్న ఆ నీళ్ళు పచ్చగా, లోపల ఏదో ప్రాణం ఉన్నట్టు వెలిగాయి. "దీన్ని పిండిలో కలుపుతానే చెల్లీ. కరెంటు పోయినా మా రొట్టెలు కనపడి అమ్ముడుపోతాయి" అన్నాడు వాడు. ముగ్గురం నవ్వుకున్నాం. నేను మాత్రం ఆ సీసా వంటింట్లో పెట్టనివ్వలేదు, ఎవరన్నా తాగుతారని.

వార్డులో వాడికి జ్వరం దిగనప్పుడు నాకు ఆ సీసానే గుర్తొచ్చింది. "తీసుకురావే, నీకు పుణ్యం ఉంటుంది" అని దాని చేతులు పట్టుకున్నాను. "అది గాజు పళ్ళెంలో క్రిముల మీద చూశామమ్మా. మనుషుల మీద కాదు. ఎలుక మీద కూడా చూడలేదు ఇంకా" అంది. అంతే. నలభయ్యో రోజున, సమాధి దగ్గర్నుంచి వచ్చినవాళ్ళంతా ఇంట్లో ఉండగా నా నోరు నా మాట వినలేదు. "అన్నని బతికించే మందు చేతిలో పెట్టుకుని కూర్చున్నావు కదే. నీకు డిగ్రీ రావాలి, వాడు పోతే ఏం!" అన్నాను. అది నా వంక ఒకసారి చూసింది. కోప్పడలేదు. ఏడవలేదు. ఆ చూపు తర్వాత మా ఇద్దరి మధ్యా "తిన్నావా", "తిన్నాను" తప్ప మాట లేదు. పండుగ దగ్గర పడ్డాక అదీ లేదు. విశ్వవిద్యాలయానికి పోవడం మానేసింది, ఫోను కట్టేసింది, గోడ వైపు తిరిగి పడుకుంటోంది. ఇంట్లో ఉన్న మందులన్నీ, దగ్గు సిరప్‌తో సహా, బీరువా మీదికి ఎక్కించేశాను నేను.

అదీ మేమున్న స్థితి.

మా ఆయన కాజిమ్‌ని పొద్దున వాళ్ళ తమ్ముడు మంగలి దగ్గరికి తీసుకెళ్ళాడు. కొడుకు పోయినప్పట్నుంచీ గడ్డం మీద కత్తి పెట్టనివ్వలేదు ఆయన. మగవాళ్ళ నలుపు అదే. చేతులు వణికే ఆ ముసలి మంగలి ఎక్కడ గొంతు మీద గాటు పెడతాడోనని వాకిట్లోకి ఇంట్లోకి తిరుగుతూనే ఉన్నాను. ఆయన తిరిగొచ్చి గుమ్మంలో బూట్లు విప్పుతూ తలెత్తితే, ఆ గడ్డం కింది నుంచి బయటపడ్డ మొహం నాకు తెలిసినది కాదు. చెంపలు లోపలికి పోయాయి. నోరు చిన్నదైపోయింది. చలిగాలికి జలుబు చేస్తుందని గబగబా శాలువా కప్పాను.

"అబ్బో, పెళ్ళికొడుకు దిగాడు!" అంది జర్రీ వదిన. "తమ్ముడూ, నీకు ఇంకో సంబంధం చూడమంటావా? దీనితో నువ్వు పడలేవుగాని."

"దీనికి అలవాటు పడ్డానక్కా. కొత్తది వద్దు" అన్నాడు. నవ్వబోయాడు. ఆ చిన్నదైపోయిన నోరు సహకరించలేదు.

మధ్యాహ్నం దాకా జనం వస్తూనే ఉన్నారు, పోతూనే ఉన్నారు. ఎండ కిటికీ మారేసరికి మేం నలుగురమే మిగిలాం. జర్రీ వదిన మూట విప్పింది. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేని మనిషి, పండుగ రద్దీలో బజారంతా తిరిగి రుమాళ్ళు ఏరి తెచ్చింది. నాకు పిస్తా రంగుది. సెవిల్‌కి లేత గులాబీది, అంచున చిన్న చిన్న తెల్ల పూలు.

నన్ను ముందు కూర్చోబెట్టింది. "బిస్మిల్లా" అని గడ్డం కింద ముడి విప్పింది. నల్ల గుడ్డ జారి భుజాల మీద పడ్డప్పుడు తల చల్లగా, దిక్కులేనట్టు అనిపించింది. దేవుడా, నా కొడుకుని వదిలేస్తున్నానా అనిపించింది. ఆవిడ పిస్తా రుమాలు కప్పి, నా నుదుటి మీద ముద్దు పెట్టి, అరచేతిలో గోరింటాకు ముద్ద పెట్టి వేళ్ళు మూసింది. అప్పుడు ఏడ్చాను. ఆవిడా ఏడ్చింది, ఏడుస్తూనే "చాల్లేవే, గోరింటాకు కారుతోంది, తివాచీ పాడవుతుంది" అంది.

తర్వాత గది వైపు తిరిగి పిలిచింది. "సెవిల్! అమ్మా, అత్తని నీ దగ్గరికి నడిపిస్తావా? నా మోకాళ్ళ మీద జాలి లేదా నీకు?"

వస్తుందనుకోలేదు. వచ్చింది. నల్ల చొక్కా, నల్ల రుమాలు. మెడ ఎముకలు బయటికొచ్చాయి. అత్త ముందు మోకాళ్ళ మీద కూర్చుంది, చిన్నప్పుడు జడ వేయించుకోవడానికి కూర్చున్నట్టే. జర్రీ వదిన చెయ్యి ముడి దాకా పోయింది. సెవిల్ ఆ చేతిని పట్టుకుని, మెల్లగా కిందికి దించి, ముద్దు పెట్టుకుంది.

"నాకొద్దత్తా."

"ఎందుకొద్దే?"

"అమ్మది తీశావుగా. చాలు."

"అమ్మది అమ్మకి. నీది నీకు. నువ్వూ అక్కడ మట్టిలో పడుకున్నావా? పాతికేళ్ళ పిల్లవి, ఇదేం పట్టుదల? నీ అన్న చూస్తే ఏమంటాడు? వాడికి నలుపంటేనే పడదు. బొగ్గు కొట్టు ముసలమ్మలా ఉన్నావని ఏడిపించేవాడు."

సెవిల్ ఏదో అనబోయింది. నా వంక చూసి ఆగిపోయింది. నేనన్న మాట ఇంకా దాని గొంతులో అడ్డుపడి ఉందని నాకు తెలుస్తూనే ఉంది. గోరింటాకు చేతిని గాలిలో పెట్టుకుని, "వదిలెయ్ వదినా, బలవంతం చేస్తే ఏమన్నా అయితే..." అన్నాను.

అప్పుడే గంట మోగింది.

వచ్చింది గుల్చిన్. సెవిల్‌తో పాటు అదే గదిలో, అదే బల్ల మీద పని చేసే పిల్ల. గుండ్రటి మొహం, ఎప్పుడూ నవ్వు. ఆ రోజు నవ్వు లేదు. చేతిలో ఖర్జూరాల పెట్టె ఉంది. కాజిమ్‌కి నమస్కారం చేసి, ఫాతిహా చదివి, నా భుజం మీద తల పెట్టి ఓదార్పు మాటలన్నీ సరిగ్గానే అంది. కాని కళ్ళు మాత్రం సెవిల్ మీదే ఉన్నాయి.

"ఫోనెందుకు ఎత్తవు నువ్వు?" అంది టీ గ్లాసు అందుకుని. "పండుగ పూట, నల్ల పండుగ ఇంటికి, పని మాటలు మొయ్యకూడదని నాకు తెలీదా? ఇంకేం చెయ్యను? ప్రొఫెసర్ గారు రోజూ అడుగుతున్నారు. మన వ్యాసం పత్రికలో రాకముందే వెనక్కి తీసుకోవాలిట. నీ మాట లేకుండా తీసుకోరు."

నేను ముందుకి జరిగాను. "ఏం వ్యాసం? ఎందుకు వెనక్కి? దీన్ని తీసేశారా? పోలీసుల దాకా పోతుందా?"

"అయ్యో, పోలీసులేంటి పిన్నీ!"

"గుల్చిన్, వద్దు" అంది సెవిల్. "టీ తాగి వెళ్ళు."

"ఎందుకొద్దు?" గుల్చిన్ గ్లాసు కింద పెట్టింది. "ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. నలభయ్యో రోజున నేనూ ఇదే గదిలో ఉన్నాను, ఆ మూల కూర్చుని విన్నాను. పిన్నీ, పెద్దవారు, ఏమీ అనుకోవద్దు. ఆ రోజు దీన్ని మీరు అన్న మాట తప్పు. తప్పని ఇప్పుడు రుజువు కూడా దొరికింది. ఇది మీకు చెప్పదు. నేను చెప్తాను."

కాజిమ్ జపమాల తిప్పడం ఆపాడు. సెవిల్ లేవబోయింది. జర్రీ వదిన దాని మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. "కూర్చో. నీ మంచి కోరి వచ్చిన పిల్ల."

"ఆ గుళికలు మేం సబ్బు నీళ్ళలో తయారుచేస్తాం" అంది గుల్చిన్. "ఒంటి సబ్బు కాదు, దానికన్నా చాలా ఘాటైంది. అది లేకపోతే గుళికలు ఒకదానికొకటి అంటుకుని ముద్దయిపోతాయి. పనయ్యాక ఆ సబ్బు మొత్తం బయటికి పోవాలి. అందుకని ఆ పాలలాంటి గుళికల నీళ్ళని పేగులాంటి సన్నటి సంచీలో పోసి, రెండు మూతులూ కట్టి, పెద్ద గిన్నెడు మంచినీళ్ళలో వేలాడదీస్తాం. సంచీకి కంటికి కనపడని కన్నాలుంటాయి. సబ్బు బయటికొస్తుంది, గుళికలు లోపలే ఉంటాయి. పొద్దునా సాయంత్రం బయటి నీళ్ళు పారబోసి కొత్తవి పోయాలి. మీరు లిఖ్వాన్ జున్ను నానబెట్టరూ, ఉప్పు దిగడానికి? అదే."

"అవును, మార్చకపోతే ఆ నీళ్ళే ఉప్పెక్కి కూర్చుంటాయి" అన్నాను. "జున్నులో ఉప్పు జున్నులోనే ఉంటుంది."

"అదే అయింది పిన్నీ." గుల్చిన్ గొంతు సన్నబడింది. "పోయిన మొహర్రంలో మొదటిసారి చేశాం. సంచీ కట్టి వేలాడదీశాం. తాసూఆ, ఆషూరా సెలవులొచ్చాయి. నేను మా ఊరెళ్ళి ఊరేగింపు వాళ్ళకి వంటల్లో పడిపోయాను. ఇది ఇక్కడే ఉంది కదా, మారుస్తుందిలే అనుకున్నాను. ఇదేమో, గేటు మూసేశారు కదా, తాళం కాపలా అతని దగ్గర, గుల్చిన్ అతనికి చెప్పి వెళ్ళే ఉంటుంది అనుకుంది. తిరిగొచ్చి ఇద్దరం ఏం చూశాం? వారం నీళ్ళలో ఉంది, శుభ్రపడి ఉంటుంది అనుకున్నాం. ఎన్నాళ్ళు నానిందో చూశాం గాని నీళ్ళు ఎవరు మార్చారని ఒకళ్ళనొకళ్ళం అడగలేదు. ఆ వారమంతా ఒకే నీళ్ళు."

గుల్చిన్ టీ కాచే సమోవార్ వంక ఒకసారి చూసి మళ్ళీ అందుకుంది.

"ఆ సీసా క్రిముల మీద వేస్తే పళ్ళెం పళ్ళెమే ఖాళీ అయిపోయింది. ఎగిరి గంతేశాం. చర్మపు కణాల మీద వేసి దీపం కింద చూస్తే, ఎంత వెలుగనుకున్నారు! ఫోటోలు తీసి గోడకి అంటించాం. చచ్చిన కణానికి తలుపులన్నీ తెరుచుకుపోతాయి పిన్నీ, గుళికలు గుంపుగా లోపలికి పోతాయి. అందుకే చచ్చినదే ఎక్కువ వెలుగుతుంది. మేం ఆ వెలుగు చూసి సంబరపడ్డాం." కళ్ళు తుడుచుకుంది. "తర్వాత చేసినవి ఏవీ అలా చంపలేదు. వాటికి నీళ్ళు సరిగ్గా మార్చాం మరి. ఎందుకు చంపడం లేదా అని తలలు బద్దలు కొట్టుకున్నాం. మొదటి సీసాలో చుక్క మిగల్లేదు పరీక్షిద్దామంటే. చివరికి ప్రొఫెసర్ గారే అన్నారు, నీళ్ళు మార్చకుండా ఒక సంచీ వదిలెయ్యండి, ఆ బయటి నీళ్ళు కూడా వేసి చూడండి అని. ఒక్క గుళిక లేని ఉత్త నీళ్ళు అవి. అవీ చంపేశాయి. క్రిముల్నీ, చర్మాన్నీ. పొద్దున పరిచిన చర్మపు కణాలు సాయంత్రానికి ఒక్కటి మిగల్లేదు. అది చూసిన రోజునుంచే ఇది రావడం మానేసింది."

జర్రీ వదిన "యా హుసేన్" అంది నెమ్మదిగా.

"పిన్నీ, అర్థమైందా మీకు?" గుల్చిన్ నా ముందుకి జరిగింది. "ఆ సీసాలో ఉన్నది మందు కాదు. యాషారన్నయ్య ఒంటి మీద పై చర్మమే లేదు. అలాంటి పుండు మీద అది పడుంటే, మిగిలిన కాస్తా తినేసేది. మీరు తెమ్మన్నారు, ఇది తేనంది. అప్పటికి అది సబ్బని దీనికీ తెలీదు. అయినా తేలేదు చూడండి. పరీక్షించనిది మనిషి మీద పెట్టకూడదన్న నియమం మీద నిలబడింది. నేనైతే, నా తోడబుట్టినవాడైతే, నిలబడేదాన్ని కాదేమో."

ఆ మాటలు నాలోకి దిగడానికి కొంచెం సేపు పట్టింది. ఇన్నాళ్ళూ కళ్ళు మూస్తే నాకు కనపడేది ఒకటే. అక్కడ సీసాలో వెలుగుతున్న మందు, ఇక్కడ మంచం మీద నా కొడుకు, మధ్యలో కదలని నా కూతురు. ఒక్క మాటతో ఆ మందు లేకుండా పోయింది. వాణ్ణి బతికించగలిగేది ఏదీ లేదు. ఎవరి చేతిలోనూ లేదు. అది ఎంత పెద్ద దుఃఖమో అంత పెద్ద ఊరట. వాణ్ణి మళ్ళీ పోగొట్టుకున్నట్టుంది, కూతురు తిరిగి దొరికినట్టుంది.

తివాచీ మీద పాకుతూనే పోయాను దాని దగ్గరికి. గోరింటాకు చేత్తోనే దాని మొహం పట్టుకున్నాను.

"నా తల్లీ. నా బంగారు తల్లీ. ఆ మాటన్న నా నోరు పడిపోను. నువ్వు వాణ్ణి కాపాడావే. ఆ విషం వాడి మీద పడకుండా కాపాడింది నువ్వు. వాడు పడ్డ బాధ చాలదని, నేను, కన్నతల్లిని, ఇంకో బాధ తెచ్చి పొయ్యమన్నాను. నువ్వు వినకపోవడమే మంచిదైంది. దేవుడు నీ చెయ్యి పట్టి ఆపాడు."

"రుబాబా, పిల్ల మొహమంతా గోరింటాకు చేశావు" అంది జర్రీ వదిన, ముక్కు చీదుతూ. "పోన్లే, మొహానికి కూడా పండుగే."

కాజిమ్ లేచి వచ్చాడు. ఎప్పుడూ ముట్టుకోని మనిషి, కూతురి తల మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. కొత్తగా గీసిన గడ్డం మీద నీళ్ళు జారుతున్నాయి.

సెవిల్ మాత్రం కదల్లేదు. నా చేతుల మధ్య దాని మొహం చల్లగా, రాయిలా ఉంది. జర్రీ వదిన ఇదే సమయమనుకుని గులాబీ రుమాలు మడత విప్పింది. రెండో చేత్తో నల్ల ముడి అందుకుంది. ఈసారి సెవిల్ ఆపలేదు గాని, ఒళ్ళంతా వణికింది. జ్వరం వచ్చిందేమోనని నేను నుదురు తడిమాను.

"అక్కడే ఆగు వదినా. నాకొకటి తెలియాలి" అన్నాను. "ఏమే, నీకు నేను అంత కానిదాన్నయ్యానా? అమ్మా, పరీక్షించనిది పెడితే అన్నయ్యకి ఇంకా ముప్పయ్యేదని ఆ రోజే అందరి ముందూ నా నోటి మీద కొట్టినట్టు చెప్పొచ్చు కదా. అప్పట్నుంచీ ఈ ఇంట్లో నేనన్న ఆ మాట మోస్తూ తిరిగావు. పెరుగు కొనడానికి పోతే పక్కింటి వాళ్ళు కూడా అదోలా చూశారు నిన్ను. తప్పు లేనిదానివి. తప్పు నాది కాదని ఒక్క మాట అనలేదు. ఎందుకు ఊరుకున్నావే? నన్ను శిక్షించడానికా?"

సెవిల్ చూపు తివాచీ మీదే ఉంది.

"అడుగుతున్నాను కదా తల్లీ. ఎందుకు ఊరుకున్నావు?"

బయట వీధిలో పిల్లలు పండుగ టపాసు ఏదో పేల్చారు. మామూలుగా అయితే ఎవరి కన్ను పోయిందోనని కిటికీ దగ్గరికి పరిగెత్తేదాన్ని. ఆ రోజు లేవలేదు. సమోవార్‌లో నీళ్ళు అయిపోతున్న మోత. ఎవరూ లేచి కట్టెయ్యలేదు. జర్రీ వదిన చేతిలో రుమాలు అలాగే సగం విప్పి ఉంది. గుల్చిన్ సెవిల్ వంకే చూస్తోంది. చూస్తూ చూస్తూ ఉండగా ఆ పిల్ల మొహంలో ఏదో మారింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎందుకో నాకు అర్థం కాలేదు.

అద్దం మీద ఉన్న ఎండ పక్కకి జరిగింది. కాజిమ్ కూతురి తల మీద చెయ్యి తియ్యలేదు. నేను దాని మొహం వదల్లేదు.

అప్పుడు, నలభయ్యో రోజునుంచి నా కళ్ళలోకి చూడని నా కూతురు, తలెత్తి సూటిగా నా వంక చూసింది. గొంతు వాడక తుప్పు పట్టినట్టు వచ్చింది.

"నేను అన్నయ్యకి అది పూయలేదని నీతో ఎవరన్నారమ్మా?"